ఒవిలా నడుము

ఒవిలా షార్బొనోకి నడుము నొప్పి. మాంట్రియల్‌లో ఈ సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు నిన్న సాయంత్రమే ఊళ్ళో దిగి ఉంటారు. అందరికీ నడుము ఒంట్లో ఒక భాగం. ఒవిలాకి మాత్రం నడుమే అసలు మనిషి, మిగతా ఒళ్ళంతా దాని బంధువర్గం. పైగా దానికి ఆయన ఒక పేరు పెట్టుకున్నాడు: దొరసాని. "దొరసాని అలిగింది", "దొరసాని ఇవాళ పొద్దున్నే లేచింది", "దొరసానికి ఈ సోఫా నచ్చలేదు" అంటూ రోజూ కబుర్లు చెప్పేవాడు. ఆవిడ క్షేమసమాచారాలు మా సొంత అత్తగార్ల సంగతుల కన్నా మాకు ఎక్కువ తెలుసు.

ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోయడం మా పని. ఒవిలా, విల్నేర్, రెయాల్ అనే నేను, ముగ్గురం ఒక ట్రక్కు. విల్నేర్ హైతీ నుంచి వచ్చినవాడు. బీరువాకి చేతులూ కాళ్ళూ మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. ఒవిలాకి అరవై ఒకటి. గొడుగు కర్రలా సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నడుము నొప్పి ఉన్న మనిషిని బరువులు మోసే పనిలో ఇరవై రెండేళ్ళుగా ఎలా ఉంచుకున్నారని కొత్తగా చేరిన ప్రతివాడూ అడిగేవాడు. "మా బాస్ జినెట్ వాళ్ళ నాన్న పెట్టిన మనిషి. తీసెయ్యడానికి ఆవిడకి చెయ్యి రాదు" అని చెప్పేవాళ్ళం.

గంటకోసారి దొరసానికి కోపం వచ్చేది.

"ఆగండర్రా! దొరసాని!"

"సోఫా మెట్ల మధ్యలో ఉంది, ముసలాయనా!" అని విల్నేర్ పైనుంచి అరిచేవాడు.

"పైకి చేర్చాకే ఆగండి. నేనేం రాక్షసుణ్ణా?"

చేర్చాక ముగ్గురం వీధిలోకి రావాలి. ఆ చివరిదాకా ఓసారి నడిచి రావాలి. తర్వాత రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వెనక్కి వాలి, పదిసార్లు ఆకాశం చూడాలి. "గంటసేపు ముందుకే వంగాం కదా. వెనకవైపు కూడా లోకం ఉందని దానికి చూపించాలి" అనేవాడు.

"నొప్పి నీది కదా, మేమెందుకు వంగాలి?" అని ఓసారి అడిగాను.

"నేనొక్కణ్ణే వంగితే పిచ్చివాడంటారు. ముగ్గురం వంగితే కంపెనీ పద్ధతి అంటారు."

ఓసారి రోజ్‌మోంట్ పేటలో మేం ఇలా ఆకాశం చూస్తుంటే ఎదురు బాల్కనీల వాళ్ళూ తలలెత్తారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళూ ఎత్తారు. ఒకావిడ తన కుక్కని కూడా ఎత్తి చూపించింది. "ఏమిటండీ అది?" అని ఒక పెద్దాయన ఒవిలాని అడిగాడు. "నాకూ ఇంకా కనపడలేదు. ఇంకో ఐదుసార్లు చూడండి" అన్నాడు ఒవిలా. ఆ రాత్రి ఆ వీధంతా హాయిగా నిద్రపోయి ఉంటుంది.

బరువు ఎత్తడం గురించి ఆయనకి పెద్ద శాస్త్రమే ఉండేది. "ఫ్రిజ్‌ని పెళ్ళాన్ని పట్టుకున్నట్టు దగ్గరగా పట్టుకోవాలిరా. పొరుగింటి ఆవిడతో నాట్యం చేస్తున్నట్టు చేతులు చాచి పట్టుకుంటే ఉన్న బరువుకి నాలుగింతలు అవుతుంది. వంచాల్సింది మోకాళ్ళు. తిప్పాల్సింది పాదాలు. నడుము తిప్పావో, దొరసాని జుట్టు పట్టుకు లాగినట్టే." ఇది మాకు మాత్రమే చెబితే బాగుండేది. రోడ్డుకి అవతల ఎవరు దేనికోసం వంగినా ఇవతలనుంచి "మోకాళ్ళు!" అని కేక పెట్టేవాడు. పాపం, ఒక పోలీసాయన బూటు తాడు కట్టుకుంటూ ఆ కేకకి రెండు చేతులూ పైకెత్తేశాడు.

అన్నిటికన్నా ఘోరం ఆయన సొంత బావగారి అంత్యక్రియల్లో జరిగింది. చర్చి నిండా జనం. ఆరుగురు శవపేటిక ఎత్తబోతున్నారు. అంతా నిశ్శబ్దం. మూడో వరసలోంచి ఒవిలా గొంతు: "ఎడమవైపు మధ్యలో ఉన్నాయనా! కాస్త దగ్గరికి జరుగు! మోకాళ్ళు!" ఆరుగురూ పేటిక దించారు. మోకాళ్ళు వంచారు. మళ్ళీ ఎత్తారు. వాళ్ళ అక్క ఆయనతో నాలుగు నెలలు మాట్లాడలేదు. "మాట్లాడకపోతే మానె. ఆరుగురి నడుములూ బాగున్నాయి" అన్నాడు.

మధ్యాహ్నం తిండి అయ్యాక ఖాళీ చేసిన ఇంట్లో నేలమీద వెల్లకిలా పడుకుని, పిక్కలు ఒక పెట్టె మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఓసారి కొత్తగా అద్దెకి దిగబోయే దంపతులు ఒక గంట ముందే వచ్చారు. తలుపు తీసిన ఆవిడ ఆయన్ని చూసి కెవ్వుమంది. భర్త కంగారుగా ఇంటాయనకి ఫోను చేసి, "ఇల్లు ఖాళీగా ఇస్తామన్నారు కదండీ" అన్నాడు. ఒవిలా కళ్ళు తెరవకుండానే, "పది నిమిషాలమ్మా, తర్వాత ఇల్లు మీదే" అన్నాడు. దాంతో ఆవిడ మెట్లు దిగి పారిపోయింది.

పొడుగు మేజోడు నిండా ఎండు బఠాణీలు పోసి ముడేసి సంచిలో పెట్టుకు తిరిగేవాడు. ఎవరింట్లో పని చేస్తే వాళ్ళ మైక్రోవేవ్‌లో దాన్ని గోరువెచ్చగా చేసి నడుముకి ఆనించుకునేవాడు. కాపడం సంగతి తెలియని ఇంటావిడలు మేం మేజోడు వండుకు తింటామని అనుకునేవాళ్ళు. మంచం మాట ఎత్తితే మాత్రం ఆయనకి మండిపోయేది. "నొప్పి వచ్చిందని మంచమెక్కితే అది కూడా దుప్పటి కప్పుకుని పక్కనే పడుకుంటుంది. నడిచేవాడి వెంట అది ఎక్కువ దూరం రాలేదు. కాస్త నొచ్చినా సరే, తిరుగుతూ ఉండాలి" అనేవాడు.

ఆయన్ని అందరికన్నా ఎక్కువ వెక్కిరించింది నేనే. దానికో కారణం ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మార్చిలో మంచు ఇంకా కరగని మెట్ల మీద, ఒక వాషింగ్ మెషీన్ మోస్తూ పాదాలు తిప్పకుండా నడుము తిప్పాను. లోపల ఏదో చటుక్కుమంది. ఆ రాత్రి నుంచి నా మేజోళ్ళు మా ఆవిడ లీజ్ తొడగాల్సి వచ్చింది. తుమ్ము వస్తే దగ్గర్లో ఏ స్తంభం ఉందా అని వెతుక్కునేవాణ్ణి. చేతిలోంచి శాండ్‌విచ్ జారి నేలమీద పడితే వంగలేక, పావురాల మీద ప్రేమ నటించాను. ఆదివారాలు కదలకుండా మంచం మీదే ఉండేవాణ్ణి. సోమవారానికి మరమేకులు బిగించినట్టు అయ్యేది.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? రెండేళ్ళ కిందట గాస్తోన్ అనే ఆయన నడుము పట్టిందని నోరు జారాడు. జినెట్ ఆయన్ని ఫోను దగ్గర కూర్చోబెట్టింది. చలికాలం వచ్చేసరికి కుర్చీ ఉంది, గాస్తోన్ లేడు. నాకు నలభై ఎనిమిది. బరువులు మోయడం తప్ప ఇంకో పని రాదు. అందుకని చొక్కా కింద పట్టీ బిగించుకుని, అనుమానం రాకుండా పొద్దస్తమానం ఒవిలా మీద జోకులు వేసేవాణ్ణి.

ఆ మార్చి నుంచే దొరసాని మరీ మొండికేసింది. గంటకోసారి కాదు, అరగంటకోసారి అలగడం మొదలుపెట్టింది. మెట్ల మీద బరువంతా పడే కింద వైపు పట్టుకుంటేనే శాంతిస్తుందట. పైవైపు పట్టుకుంటే ఆవిడకి కళ్ళు తిరుగుతాయట! "వింత రోగం" అని విల్నేర్ నవ్వేవాడు. నేను అందరికన్నా గట్టిగా నవ్వేవాణ్ణి, ఆ అరగంట ఎప్పుడవుతుందా అని లోపల నిమిషాలు లెక్కపెట్టుకుంటూ.

జూన్ చివర్లో జినెట్ నన్ను లోపలికి పిలిచింది. "మీ ట్రక్కు రోజూ ఆలస్యంగా వస్తోంది. ఎవరివల్ల?"

తలుపు పక్కన ఒవిలా టోపీ వేలాడుతోంది. దాన్ని చూస్తూనే నా నోరు, "ఒవిలా నడుము వల్ల" అంది.

జినెట్ పెన్సిలు కొరికింది. "సరే. ఒకటో తారీకు ఆయన్ని ఫోను దగ్గర కూర్చోబెడతాను. ఫోను చూసే పిల్ల కూడా ఆ రోజే ఇల్లు మారుతోంది. ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. నాకు పడుతుందని భయపడిన దెబ్బ ఇరవై రెండేళ్ళ పనివాడి మీదికి నేనే నెట్టాను. ఆ సాయంత్రం లీజ్ మేజోళ్ళు తీస్తూ, "ఏమిటలా ఉన్నావు?" అంది. "నడుము" అన్నాను. అది సగమే నిజం.

జూలై ఒకటి. మా ఊళ్ళో అద్దె ఇళ్ళవాళ్ళందరూ ఒకే రోజున ఇళ్ళు మారే రోజు. ఆ రోజు మాంట్రియల్‌లో తన మంచం మీద తను పడుకున్నవాడు అదృష్టవంతుడు. ఎండ మండిపోతోంది. విల్నేర్, నేను ఇద్దరమే. ఆగమనేవాళ్ళు లేరు. ఆకాశం చూడమనేవాళ్ళు లేరు. ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఊపిరి తీసుకోకుండా మోశాం. ఫ్రిజ్ ఎక్కించాం, ఏమీ కాలేదు. ఇనుప పొయ్యి ఎక్కించాం, ఏమీ కాలేదు. వాషింగ్ మెషీన్ కోసం కిందికి దిగుతుంటే పదకొండో మెట్టు మీద ఎవరో పడేసుకున్న దిండు కనిపించింది. పాపం అనుకుని వంగాను.

అంతే. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

మా ఊరి మెట్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంటి బయట, మెలికలు తిరిగి, ఒక మనిషి పట్టేంత. మూడు అంతస్తులకీ అదే దారి. పైన ఖాళీ చేస్తున్న కుటుంబం బల్లతో నిలబడింది. కింద కొత్తగా అద్దెకి దిగబోతున్న కుటుంబం పక్షి పంజరంతో నిలబడింది. మధ్యలో నేను, చేతిలో దిండు.

"కదలవేం?" అని పైనున్నాయన, మా ఊరి తిట్ల అలవాటు ప్రకారం, చర్చిలోని గిన్నెల నుంచి గంటల దాకా అన్నిటి పేర్లూ ఎత్తి తిట్టాడు.

విల్నేర్ కిందనుంచి నన్ను చూశాడు. ఒక్క ముక్క అడక్కుండా ఫోను తీసి, అందరికీ వినపడేలా గట్టిగా పెట్టి, ఆఫీసుకి చేశాడు.

"బుఫార్ రవాణా! మీ సామాను మా సామానే అనుకోండి!" అంది ఒవిలా గొంతు.

"ముసలాయనా, నేను. రెయాల్ ఇరుక్కుపోయాడు."

"దేంట్లో?"

"వాడి ఒంట్లోనే."

"ఏం ఎత్తాడు?"

"దిండు."

"అనుకున్నా. పొయ్యి అలిసిపోయేలా చేస్తుంది, దిండు పడగొడుతుంది. అడుగు: కాళ్ళలో తిమ్మిరి గానీ, బలం తగ్గడం గానీ ఉందా?"

విల్నేర్ తలెత్తి అరిచాడు. లేదన్నాను.

"తొడల మధ్య ఏమైనా మొద్దుబారినట్టుందా?"

విల్నేర్ ఇది ఇంకా గట్టిగా అరిచాడు. మొదటి అంతస్తు బాల్కనీలో జుట్టుకి రోలర్లు చుట్టుకున్న ముసలావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"లేదు!"

"ఒంటేలుకి సరిగ్గా వెళ్తున్నాడా?"

"ఒంటేలుకి సరిగ్గా వెళ్తున్నావా?"

"పొద్దున్న వెళ్ళాను!" అని వీధి వీధంతా వినేలా చెప్పుకున్నాను. పై అంతస్తులో ఎవరో చప్పట్లు కొట్టారు.

"వీటిలో ఒక్కటి ఉందన్నా ఇప్పుడే ఆస్పత్రికి పంపేవాణ్ణి. లేవు కాబట్టి భయం లేదు. బిగుసుకోవద్దని చెప్పు, ఊపిరి వదలమను. వస్తున్నా."

పది నిమిషాల్లో మూల తిరిగి ఒక సైకిలు వచ్చింది. ట్రక్కుల మధ్యనుంచి, పరుపుల మధ్యనుంచి, మలుపు దగ్గర ఒరిగిపోతూ వచ్చింది. దాని మీద ఒవిలా, నిలబడి తొక్కుతున్నాడు. సైకిలు గోడకి విసిరేసి, మెట్లు కిక్కిరిసి ఉన్నాయని చూసి, కమ్మీకి బయటివైపు నుంచి పాక్కుంటూ పదకొండో మెట్టు దాకా ఎక్కేశాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి! విల్నేర్ నోరు తెరిచాడు.

"నిన్ను ఎత్తను. నువ్వే నడుస్తావు" అన్నాడు ఒవిలా. "కమ్మీ పట్టుకో. మోకాళ్ళు కొంచెం వదులు చెయ్యి. ఊపిరి వదులుతూ తుంటి ఇటూ అటూ ఊపు. నాట్యం కాదురా, నెమ్మదిగా. ఆఁ. ఇప్పుడు ఒక్క మెట్టు, పక్కకి. దిండు ఇలా ఇయ్యి, అది నీకు బరువు."

పదకొండు మెట్లూ దిగడానికి చర్చిలో ఆదివారం ప్రార్థన పూర్తయ్యేంతసేపు పట్టింది. నన్ను వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ రెండుసార్లు నడిపించాడు. తర్వాత చెట్టు నీడన కాలిబాట మీద పడుకోబెట్టి, నా పిక్కల కింద 'వంట సామాను' అని రాసిన పెట్టె పెట్టాడు. అప్పుడు విల్నేర్ వైపు తిరిగి, "ఏం చూస్తున్నావు? పట్టు" అన్నాడు. ఇద్దరూ వాషింగ్ మెషీన్ ఎత్తారు. ఒవిలా కింద వైపు పట్టుకున్నాడు. మూడో అంతస్తు దాకా ఒక్క మూలుగు లేదు. మెలిక దగ్గర ఈల కూడా వేశాడు.

నేను నేలమీదనుంచి అంతా చూశాను. దిగి వచ్చాక అడిగాను: "ఒవిలా, నీ దొరసాని ఏమైంది?"

"నాదెక్కడిదిరా? అది నీది. మార్చి నుంచి నీ తరఫున నేను అరుస్తున్నానంతే." చెమట తుడుచుకున్నాడు. "పావురాలకి పంది మాంసం శాండ్‌విచ్ పెట్టేవాణ్ణి నా జన్మలో చూడలేదు. అప్పుడే తెలిసింది."

"అంతకు ముందో?"

విల్నేర్ మెల్లగా నేలమీద కూర్చున్నాడు. "అంతకు ముందు ఏడాది నాకు" అన్నాడు. "నేను చచ్చినా చెప్పలేదు. నీకెలా తెలిసింది, ముసలాయనా?"

"నోరు మూతపడని నువ్వు మూడు రోజులు మాట్లాడలేదు. ఇంకేం కావాలి?" ఒవిలా నవ్వాడు. "మగాళ్ళకి నొప్పి అని చెప్పడానికి నోరు రాదు. నా నోరు ఖాళీగానే ఉంది. ఒక ఏడాదైతే ట్రక్కులో ఎవరికీ నొప్పి లేదు. అలవాటు తప్పుతుందని అప్పుడూ అరిచాను. రాకుండా ఉండటానికి కూడా అదే మందు కదా."

"నీ గురించి జినెట్‌కి చెప్పింది నేనే" అన్నాను.

"తెలుసు. నువ్వు చెబుతుంటే నా టోపీ కోసం వచ్చి తలుపవతలే ఉన్నాను." పెట్టె కొంచెం సర్ది, "ఊపిరి వదులు" అన్నాడు.

అప్పుడే జినెట్ కారు వచ్చింది. దిగడానికి ఆవిడకి రెండు విడతలు పట్టింది. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి పైకప్పు మీద.

"ఒవిలా! ఆఫీసులో ఫోన్లు పిచ్చెక్కినట్టు మోగుతున్నాయి! నువ్వు సైకిలు తొక్కడం కళ్ళారా చూశాను. ఇరవై రెండేళ్ళుగా నన్నూ మా నాన్ననీ మోసం చేశావన్నమాట! అసలు నీకు నొప్పే లేదు!"

"ఆయనకి లేదు, బాస్. నాకుంది" అన్నాను, పడుకునే. ఎలాగూ సగం వీధికి నా ఒంటేలు సంగతి తెలుసు, ఇంక దాచేదేముంది? "మార్చి నుంచి. గాస్తోన్‌లా అవుతుందని చెప్పలేదు. తీసేస్తే నన్ను తియ్యండి."

"గాస్తోన్‌నా? వాణ్ణి నేనెక్కడ తీశాను? ఫోను దగ్గర కూర్చోలేక చేపల దుకాణం పెట్టుకున్నాడు. ప్రతి శుక్రవారం నాకు చేపలు అమ్ముతాడు, అవీ చచ్చినవి!" అంది జినెట్.

రెండేళ్ళ భయం కాలిబాట మీద అలా చచ్చిన చేపలా పడి ఉంది. విల్నేర్ పగలబడి నవ్వాడు. నవ్వితే నొప్పని నేను నవ్వలేదు. కానీ నవ్వు ఆగక, నొప్పితోనే నవ్వాను.

"మూడు వారాలు ట్రక్కు తోలు. చిన్న పెట్టెలు మొయ్యి. అరగంటకోసారి దిగి నడువు. ఆదివారం మంచమెక్కావని లీజ్ చెప్పిందో, నిజంగానే తీసేస్తాను" అంది నాతో జినెట్. ఆవిడకీ లీజ్‌కీ ఎప్పుడు మాటలు నడిచాయో నాకు తెలియదు.

తర్వాత ఒవిలా వైపు తిరిగింది. తిట్లు గట్టిగానే సిద్ధం చేసుకున్నట్టుంది. కానీ ఆయన ఆవిడ మొహం చూడటం లేదు. కారు పైకప్పు మీద ఇంకా ఉన్న ఆవిడ చేతిని చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఆ ఆఫీసు కుర్చీ ఎన్నాళ్ళనుంచి అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"పొద్దున్న ఐదు నుంచి నువ్వు దాంట్లోంచి ఒక్కసారే లేచావు. అదీ బల్ల పట్టుకుని."

"నాకేం లేదు" అంది జినెట్, చటుక్కున చెయ్యి తీసేసి. ముఖం మాత్రం ముడుచుకుంది.

"నీకు ఉందని ఎవరన్నారు?" ఒవిలా నిట్టూర్చి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. "నాకే. ఈ ట్రక్కు పని నాకింక పడదమ్మా. ఆఫీసులోనే ఉండిపోతాను. ఆ కుర్చీల్లో కూర్చుంటే మాత్రం దొరసాని అరగంటకి మించి ఊరుకోదు, ముందే చెబుతున్నాను. నాతోపాటు ఎవరో ఒకరు లేచి నడవాలి. ఒక్కణ్ణే నడిస్తే బాగోదు."

జినెట్ కారు తలుపు మూసింది. "సరే" అంది. "నీ నడుము కోసం."

ఆగస్టుకల్లా నా మేజోళ్ళు నేనే తొడుక్కుంటున్నాను. బుఫార్ రవాణా ఎంత ఫోను చేసినా ఒక్కోసారి ఎత్తరని ఈ మధ్య ఊళ్ళో వాళ్ళు మాతో ఫిర్యాదు చేస్తున్నారు. నిజమే. అరగంటకోసారి రెండు నిమిషాలపాటు అది అలా మోగుతూనే ఉంటుంది. ఆ వీధిన వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి తొంగి చూస్తే, నడుం మీద చేతులు పెట్టుకుని, పక్కపక్కన నిలబడి పైకప్పు వైపు చూస్తున్న ఇద్దరు కనిపిస్తారు. మాట్లాడుకుంటూనే ఉంటారు, ఫోను సంగతి పట్టించుకోరు. మళ్ళీ చెయ్యండి, ఎత్తుతారు.